బొగ్గుబాయి సమ్మెలో వంటింటి లెక్క

సమ్మెల గురించి మనవాళ్ళు రాసింది ఏది తీసినా ముందు అంకెలు ఎదురవుతాయి. ఎన్ని రోజులు, ఎంతమంది, ఎన్ని లక్షల టన్నులు, ఎన్ని మెగావాట్లు, ప్రభుత్వానికి ఎన్ని కోట్ల నష్టం. అవన్నీ అవసరమైన అంకెలే. కానీ సింగరేణి సమ్మెల చరిత్రలో నన్ను పట్టి ఆపే అంకె ఇంకొకటుంది. అది ఎనిమిది.

1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం 9వ సెక్షన్‌లో ఒక నిబంధన ఉండేది. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ కూడబలుక్కుని, నోటీసు ఇవ్వకుండా, తగిన కారణం లేకుండా పని మానేస్తే, మానేసింది ఒక్కరోజే అయినా సరే, వాళ్ళ జీతంలోంచి ఎనిమిది రోజుల దాకా కోసుకోవచ్చు. నేలకింద పనిచేసేవాళ్ళు కళ్ళముందు తోటివాడు పోతే నోటీసు రాసిచ్చి గడువు దాకా ఆగరు. అక్కడికక్కడ పని ఆపేస్తారు. అలాంటి చోట ఈ నిబంధన ఎంత పెద్ద ఆయుధమో వేరే చెప్పక్కర్లేదు. దీన్ని సింగరేణిలో అమలు చేయడం మీదే 1981లో 56 రోజుల సమ్మె జరిగింది. సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది ఆ ఏడాదే. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది. చట్టం పేరు మారింది గానీ ఆ ఎనిమిది మాత్రం కొత్తదాంట్లోకి భద్రంగా వచ్చి కూర్చుంది.

ఎనిమిది రోజుల జీతం కోస్తే ఆ కోత పడేది ఎక్కడ? మస్టర్ పుస్తకంలో పేరు మగవాడిదే. జీతం చీటీ మీద పేరూ అతనిదే. కానీ ఆ నెల బియ్యం తగ్గించి వండాల్సింది ఎవరు? కిరాణా కొట్టు ముందు నిలబడి, "ఈ నెలకి ఖాతాలో రాసుకో అన్నా" అని తల వంచుకుని అడగాల్సింది ఎవరు? చట్టం రాసినవాళ్ళకు ఈ సంగతి తెలియదనుకోవడం అమాయకత్వం. వాళ్ళు కోత పెట్టిందే ఇంటికి తగలాలని. ఆకలి ఇంట్లోంచి బయల్దేరి గని గేటు దాకా వస్తుందని, కార్మికుణ్ణి లోపలికి నెట్టుకుపోతుందని వాళ్ళ లెక్క. వంటిల్లు సమ్మెకు రణరంగమని ప్రభుత్వాలకు ఎప్పుడో తెలుసు. మన సాహిత్య విమర్శకే ఇంకా తెలియలేదు. ఈ వ్యాసంలో నా అభియోగం అదే.

నేను బొగ్గు తవ్వే చోటినుంచి కాక బొగ్గు కాల్చే చోటినుంచి మాట్లాడుతున్నానని ముందే చెప్పాలి. మాది వీరులపాడు. నందిగామ, జగ్గయ్యపేటల మధ్య తిరిగే మెట్ట కృష్ణ బతుకు మాది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాం గానీ, మా నోటికి ఇంకా కృష్ణాజిల్లానే. ఖమ్మం సరిహద్దు మాకు కూతవేటు దూరం. మధిర మీదుగా దిగివచ్చే బొగ్గు రైళ్ళు కొండపల్లి దాటి వెళ్తుంటే చూస్తూ పెరిగినవాళ్ళం. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979లో మొదలైనప్పటినుంచీ సింగరేణి బొగ్గుకీ మా ఇంటి బల్బుకీ చుట్టరికం ఉంది. జగ్గయ్యపేట సిమెంటు బట్టీలకీ బొగ్గే కావాలి. కానీ ఆ బొగ్గు తవ్వే మనుషుల ఇళ్ళ గురించి మాకు తెలిసింది చాలా తక్కువ.

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి 35 రోజులు ఆగిపోయింది. ఒక రాష్ట్రం కోసం కార్మికులు జీతాలు వదులుకుని ప్రభుత్వంతో తలపడిన సమ్మె అది. మా వైపు దానికి ఉన్న పేరు ఒక్కటే: కరెంటు కోత. పత్తికీ మిరపకీ నీళ్ళు పెట్టాల్సిన రోజులు. ఎప్పుడు వస్తుందో తెలియని కరెంటు కోసం అర్ధరాత్రి దాకా మేలుకునేవాళ్ళం. పొలం మోటారు దగ్గర మగవాళ్ళు కాపు కాస్తే, ఊళ్ళో కుళాయి రాకపోతే చేతిపంపు దగ్గర బిందెలు వరసపెట్టింది ఆడవాళ్ళు. పత్రికల్లో రైతు గోడు వచ్చింది, పరిశ్రమల నష్టం వచ్చింది, అటువైపు పత్రికల్లో కార్మికుల త్యాగం వచ్చింది. గోదావరిఖనిలో జీతం రాని ఇంట్లో బియ్యం కొలుచుకుంటున్న స్త్రీ, వీరులపాడులో రెండు బిందెలు అదనంగా మోస్తున్న స్త్రీ ఒకే సమ్మెను రెండు కొసల నుంచి మోస్తున్నారని రాసినవాళ్ళు నాకు కనపడలేదు. ఎవరు ఎటువైపు ఉండాలన్న వాదంలో ఇద్దరూ తప్పిపోయారు.

దీనికి కారణం సమ్మె అన్న మాటకు మనం ఇచ్చుకున్న అర్థంలోనే ఉందనుకుంటాను. సమ్మె అంటే పని ఆపడం. కానీ సమ్మె రోజున ఒకరి పని ఆగితే ఇంకొకరి పని రెట్టింపవుతుంది. మొగుడు ఇంట్లో ఉంటాడు, పిల్లల ఆకలి ఇంట్లో ఉంటుంది, అప్పులవాడు గుమ్మంలో ఉంటాడు. ఈ ముగ్గురినీ సంబాళించడం పనిగా లెక్కకు రాదు కాబట్టి అది చరిత్రకూ ఎక్కదు. "స్త్రీల మద్దతు" అనే రెండు మాటల్లో దాన్ని కట్టిపడేస్తాం. మద్దతు అన్నాక అది బయటినుంచి ఇచ్చేదే అవుతుంది. లోపల ఉన్నది మగవాడే అవుతాడు.

ప్రపంచ సాహిత్యంలో గని సమ్మె అనగానే అందరూ తలచుకునే పేరు జోలా నవల 'జెర్మినాల్'. 1885లో పుస్తకంగా వచ్చింది. దాన్ని ఎతియెన్ అనే యువ కార్మిక నాయకుడి చైతన్య యాత్రగా చదవడం మనకు అలవాటు. నేను మాత్రం మహ్యూ భార్య కథగా చదువుతాను. నవల మొదట్లోనే ఆమె ఇద్దరు పిల్లల్ని వెంటపెట్టుకుని అప్పు కోసం బయల్దేరుతుంది. గనిలో వాటాలున్న ఇంటివాళ్ళు బట్టలిస్తారు, పిల్లల చేతిలో రొట్టె పెడతారు, డబ్బు మాత్రం ఇవ్వరు. కొట్టువాడు మెగ్రా సంగతి ఇంకా ఘోరం. అప్పు కావాలంటే ఆడవాళ్ళ ఒంటినే వడ్డీగా అడిగే మనిషి. సమ్మె మొదలయ్యాక అందరికంటే గట్టిగా నిలబడేది ఆమే. మొదట్లో వెనకాడిన మనిషే చివరకు వంగనని మొండికేస్తుంది. ఎందుకంటే ఆ సమ్మెలో తను పెట్టిన పెట్టుబడి ఎంతో ఆమెకొక్కదానికే తెలుసు.

జోలాకు ఈ లెక్క తెలుసు. అది అతని గొప్పతనం. కానీ ఆడవాళ్ళు గుంపుగా కదిలేసరికి అతని చూపు చెదిరిపోతుంది. కప్పు మీంచి పడి చచ్చిన మెగ్రా శవాన్ని ఆడవాళ్ళు ఛిద్రం చేసే దృశ్యంలో స్త్రీల కోపం పశుత్వంగా కనిపిస్తుంది. ఏళ్ళతరబడి ఆ కొట్టు గడప మీద జరిగిన హింస ఆ కోపానికి మూలమని పాఠకురాలు తనంత తాను గుర్తుచేసుకోవాలి. ఒక్కొక్కతెగా ఉన్నప్పుడు మనిషి, పదిమందైతే మృగం. స్త్రీల గుంపు అంటే ఉన్న ఈ భయం జోలాతో మొదలు కాలేదు, అతనితో ఆగనూ లేదు.

నవల చివర ఇంకా ముఖ్యమైన ఘట్టం ఉంది. సైనికుల కాల్పుల్లో భర్త పోయాడు. కొడుకు పేలుడులో పోయాడు. కూతురు కాథరీన్ నీళ్ళు నిండిన గనిలో పోయింది. ఇంకో కూతురు ఆకలికి పోయింది. అప్పుడు కంపెనీ దయతలచి, ఆ వయసు ఆడదాన్ని తీసుకోకూడదన్న తన నియమాన్ని పక్కనపెట్టి, ముప్ఫై సూల కూలికి ఆమెను గనిలోకి దింపుతుంది. గాలిచక్రం తిప్పే పని. దీన్ని చదివినప్పుడల్లా నాకు తెలిసిన ఒక మాట గుర్తొస్తుంది: కారుణ్య నియామకం. ముందు మనుషుల్ని మింగి, ఆ తర్వాత మిగిలిన స్త్రీకి ఉపకారంగా పని ఇవ్వడం. జోలా వాడని మాట అది, కానీ ఆ వ్యవస్థనంతా ఒక్క పేజీలో చూపించాడు.

ఇక్కడినుంచి సింగరేణికి రావడం తేలిక. గనుల్లోంచి స్త్రీలను బయటికి పంపిన చరిత్ర మనకూ ఉంది. బ్రిటిష్ ఇండియాలో భూగర్భ గనుల్లో స్త్రీలు పెద్దసంఖ్యలో పనిచేసేవారు. 1929 నిబంధనలతో వాళ్ళను దశలవారీగా తగ్గిస్తూ వచ్చి 1937లో పూర్తిగా నిషేధించారు. యుద్ధకాలంలో బొగ్గు అవసరం పెరిగేసరికి 1943లో నిషేధం ఎత్తేశారు, యుద్ధం ముగిశాక 1946లో మళ్ళీ పెట్టారు. స్త్రీల రక్షణ కోసమే నిషేధం అన్నారు. ఆ రక్షణ యుద్ధం వచ్చినప్పుడు ఎటుపోయింది? 1952 గనుల చట్టం ఆ నిషేధాన్నే కొనసాగించింది. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు సడలింపు వచ్చేదాకా భూగర్భం మగవాళ్ళదే.

అలా బాయిలోంచి బయటికి వచ్చిన స్త్రీకి కాగితాల మీద కొత్త పేరు పెట్టారు: ఆధారితురాలు. గనిలో ఉద్యోగి చనిపోతే ఆమెకు ఉద్యోగమో, డబ్బో. కొడుకు చిన్నవాడైతే వాడు పెద్దయ్యేదాకా వాడి చోటు వాడికి దాచిపెడతారు. బొగ్గు వేతన ఒప్పందాల భాషను ఒకసారి ఓపిగ్గా చదివితే ఇల్లు అనే మాటకు అర్థం మగపిల్లవాడి దగ్గర మొదలై మగపిల్లవాడి దగ్గర ఆగుతుందని తెలుస్తుంది.

వారసత్వ ఉద్యోగాల వివాదం దీనికి పరాకాష్ఠ. 2016లో వచ్చిన పథకం ప్రకారం స్వచ్ఛందంగా తప్పుకునే కార్మికుడు తన స్థానంలో కొడుకునో, అల్లుణ్ణో, తమ్ముణ్ణో పెట్టుకోవచ్చు. 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ హక్కు కోసం జూన్ 15న జాతీయ సంఘాలు సమ్మెకు దిగాయి. ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో కొత్త హామీ వచ్చింది. ఈ పోరాటంలో కార్మికుల ఆవేదన నిజమైనదే. శరీరం అరిగిపోయిన మనిషి ఆ అరుగుదలకు బదులు తన ఇంటికి ఒక ఉద్యోగం అడగడంలో అన్యాయం ఏముంది? నా ప్రశ్న వేరు. కొడుకు, అల్లుడు, తమ్ముడు. ఈ మూడు మాటల్లో ఒక్క స్త్రీ కూడా లేదు. కూతురికి దక్కాల్సింది అల్లుడి చేతికి వెళ్తుంది. ఉద్యోగం కట్నంలో ఒక భాగమైపోయే దారి అది. దీన్ని ప్రభుత్వం రాసింది సరే, సమ్మె చేసిన సంఘాలు ఆ మూడు మాటలనే ప్రధాన తగాదాగా ఎందుకు తీసుకోలేదు? ప్రభుత్వానికీ సంఘాలకూ మిగతా అన్నిటిలో పేచీ ఉంది, ఈ ఒక్కదాంట్లో మాత్రం రాజీ ఉంది.

ఈ రాజీని తెరమీద బద్దలుకొట్టిన కళాకృతి ఒకటుంది. 1954లో అమెరికాలో వచ్చిన 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్'. న్యూ మెక్సికోలో 1950 నుంచి 1952 దాకా సాగిన జింకు గని సమ్మె దీనికి ఆధారం. కథ చెప్పేది ఎస్పెరాంజా అనే కార్మికుడి భార్య. కార్మికులు గేటు ముందు నిలబడకూడదని కోర్టు ఆజ్ఞ వస్తుంది. ఆజ్ఞలో కార్మికులనే ఉంది, వాళ్ళ భార్యలని లేదు. స్త్రీలు వెళ్ళి నిలబడతారు, జైలుకూ వెళ్తారు. ఇంట్లో మిగిలిన మగవాళ్ళు కట్టెలు కొట్టి, నీళ్ళు కాచి, బట్టలు ఆరేస్తారు. ఇళ్ళకు వేడినీళ్ళ కుళాయిలు కావాలన్న స్త్రీల కోరికను సంఘం కోరికల పట్టీలోంచి అంతకుముందు తీసేసింది వాళ్ళే. అది ఎందుకు ముఖ్యమైన కోరికో వాళ్ళ చేతులు నానాక అర్థమవుతుంది. ఆ సినిమా చూపించడానికి హాళ్ళు దొరకనీయకుండా చేశారు. ఎస్పెరాంజాగా నటించిన మెక్సికన్ నటి రొసౌరా రెవుయెల్తాస్‌ను దేశంలోంచి పంపేశారు. ప్రభుత్వం అంత భయపడింది ఒక్క కార్మిక సంఘం గురించే అనుకోను.

అయితే స్త్రీ గొంతుతో మాట్లాడినా ఆ సినిమా తీసినవాళ్ళు బయటివాళ్ళే. స్వయంగా గని ఇంట్లోంచి వచ్చిన గొంతు కావాలంటే బొలీవియా వెళ్ళాలి. సిగ్లో వెయింతె తగరపు గనుల్లో కార్మికుడి భార్య దొమితిలా బార్రియోస్ దె చుంగారా. ఆమె మాటలను మొయెమా వియెజ్జర్ పుస్తకంగా కూర్చింది. 1977లో స్పానిష్‌లో వచ్చింది. జైల్లో పెట్టిన తమ భర్తల కోసం 1961లో గని స్త్రీలు రాజధానికి వెళ్ళి నిరాహారదీక్ష చేశారు. గృహిణుల కమిటీ పుట్టింది అలాగే. దొమితిలా తెల్లవారుజామున నాలుగింటికి లేచి, అమ్మడానికి పిండివంటలు చేసి, వీధిలో కూర్చుని అమ్మి, పిల్లల్ని బడికి పంపి, కంపెనీ దుకాణం ముందు వరసలో నిలబడి, బట్టలుతికి, ఆ తర్వాత కమిటీ పనికి వెళ్ళేది. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైన చోటు ఆమె లెక్క కట్టిన చోటు. ఇంట్లో తను చేసే వంట, ఉతుకు, కుట్టు బయట కూలిచ్చి చేయించుకుంటే ఎంతవుతుందో మొగుడి ముందు కూడి చూపించింది. ఆ మొత్తం అతని జీతాన్ని దాటిపోయింది. కంపెనీ ఒక్క జీతమిచ్చి ఇద్దరి చేత పని చేయించుకుంటోందన్న రాజకీయ అర్థశాస్త్రం ఆమె వంటింటి లెక్కలోంచి తేల్చింది.

1975లో మెక్సికోలో జరిగిన అంతర్జాతీయ స్త్రీల సంవత్సర సభల్లో చదువుకున్న, స్థితిమంతులైన స్త్రీలతో దొమితిలా వాదానికి దిగింది. స్త్రీవాదమనే మాటను ఆమె తనదనుకోలేదు. తమ మగవాళ్ళతో కలిసే పోరాడతామంది. ఈ మాటను పట్టుకుని, చూశారా, కార్మిక స్త్రీకి మీ గొడవ పట్టదు అని మనమీదికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళు ఆమె వేసిన ఆ కూడిక చూడలేదనుకోవాలి. మొగుడి ముందు ఆ లెక్క పెట్టడం కంటే స్త్రీవాదం ఇంకేముంది? ఆమె ఏ పేరుతో పిలుచుకున్నా మనం నేర్చుకోవాల్సింది ఆ లెక్కనే.

ప్రభుత్వాలు కూడా లెక్కల్లో తక్కువవేం కాదు. బ్రిటన్‌లో 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా సాగిన బొగ్గు సమ్మెలో థాచర్ ప్రభుత్వం పోలీసులను దించిన సంగతి అందరికీ తెలుసు. దానికంటే నిశ్శబ్దంగా పనిచేసిన ఆయుధం 1980లో చేసిన ఒక చట్టం. సమ్మె చేసేవాడికి ఎలాగూ సాయం లేదు. అతని భార్యాపిల్లలకు ఇచ్చే సాయంలోంచి వారానికి 15 పౌండ్లు కోసేవారు. సంఘం ఆ మేరకు సమ్మె భత్యం ఇస్తోందని ఊహించుకుని కోసే కోత అది. సంఘం ఇవ్వకపోయినా కోత మాత్రం తప్పదు. మన ఎనిమిది రోజులకు అది అక్కచెల్లెలు. రెండూ గురిపెట్టింది ఇంటి పొయ్యి మీదికే. దానికి జవాబుగా అక్కడి గని ఊళ్ళలో స్త్రీలు సామూహిక వంటశాలలు నడిపారు. తర్వాత వేదికలెక్కారు, ఊరేగింపులు తీశారు. ఏడాదిపాటు సమ్మె నిలిచిందంటే ఆ వంటశాలలను తప్పించి దాని చరిత్ర రాయలేని స్థితి అక్కడ వచ్చింది.

మన దగ్గర రాలేదు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ లాంటి రచయితలు లేకపోతే మా కృష్ణాజిల్లా పాఠకులకు బొగ్గుబాయి ఒక రైలు డబ్బాగానే మిగిలేది. వాళ్ళకు రుణపడి ఉన్నాం. కానీ ఆ సాహిత్యం మీద నేను చదివిన విమర్శలో అడిగిన ప్రశ్నలు ఏవి? కార్మిక చైతన్యం ఎలా ఎదిగింది, నాయకత్వం ఎక్కడ పొరబడింది, శిల్పం ఎలా ఉంది. ఆ కథల్లో తల్లులూ భార్యలూ ఉన్నారు. వాళ్ళు ఏడుస్తున్నారా, ధైర్యం చెబుతున్నారా అని మాత్రమే విమర్శకులు చూశారు. వాళ్ళు ఏం అమ్మారు, ఎక్కడ తాకట్టు పెట్టారు, ఎవరి పొలంలో కూలికి వెళ్ళారు అని చూడలేదు. కథలో ఒక్క వాక్యంగా వచ్చిన పుస్తె తాకట్టు విమర్శలో అసలే కనిపించదు. నిజానికి ఆ సమ్మెకు నిధి సమకూర్చింది ఆ పుస్తే.

దీన్ని సరిదిద్దే పద్ధతి మనకు తెలియనిదేమీ కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల మాటలను వాళ్ళ నోటినుంచే రాబట్టింది. పార్టీ చరిత్రల్లో అన్నం పెట్టినవాళ్ళుగా, కబురు మోసినవాళ్ళుగా మాత్రమే ఉన్న స్త్రీలు ఆ పుస్తకంలో ఆలోచించిన మనుషులుగా, కొన్నిచోట్ల మోసపోయిన మనుషులుగా మాట్లాడారు. సింగరేణి సమ్మెలకు అలాంటి పుస్తకం కావాలి. అందులో సమ్మెను పొగిడే గొంతులే ఉండాలని లేదు. తన గాజులు పోయిన సమ్మెను ఇప్పటికీ తిట్టుకునే స్త్రీ కూడా ఉండాలి. ఇంట్లో ఖాళీగా కూర్చున్న మొగుడి చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ ఉంటే ఆమె మాటా ఉండాలి. ఆ మాట సమ్మెను బలహీనం చేస్తుందని భయపడితే మనమూ ఆ మూడు మాటల రాజీలో కలిసినట్టే.

సింగరేణిలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే తగువు తీర్చాల్సినవాడే యజమాని. బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా 2021 డిసెంబరు 9 నుంచి 11 దాకా మూడు రోజులు గనులు ఆగాయి. ఇకముందూ ఆగుతాయి. ఆగిన ప్రతిసారీ టన్నులూ మెగావాట్లూ పత్రికల్లో వస్తాయి, ఆ లెక్కలు ఎవరూ మరిచిపోరు. వంటింటి లెక్కకే సాక్షులు తగ్గిపోతున్నారు. 1981లో పాతికేళ్ళ కోడలుగా ఉన్న మనిషికి ఇప్పుడు డెబ్బై. కొత్తగూడెంలో, బెల్లంపల్లిలో, గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి కొడుకుల ఇళ్ళకు చేరినవాళ్ళు కొందరుంటారు, మా మెట్ట ఊళ్ళకు తిరిగివచ్చినవాళ్ళూ ఉండొచ్చు.

వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు సమ్మె ఎలా జరిగిందమ్మా అని అడిగితే, మా ఆయన్నడగండి అంటారు. అలా అడగకూడదు. ఆ 56 రోజులూ పొద్దున పొయ్యి మీద ఏం పెట్టావమ్మా, ఆ గింజలు ఎక్కడివి, ఎవరు బాకీ ఇచ్చారు, ఎప్పటికి తీరింది అని అడగాలి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఏ ట్రంకుపెట్టెలోనైనా మిగిలి ఉందేమో అడిగి చూడాలి.